గటర్ ఉన్న బండికి సొంతంగా రూఫ్ ర్యాక్: జిమ్నీ ఉదాహరణగా, కొలత నుంచి బిగింపు దాకా

"బండి మీద క్యారియర్ చేయించాలి, ఏ పైపు వాడమంటారు?" అని చాలామంది అడుగుతారు. పైపు సంగతి తర్వాత. ముందు మీ బండి ఓనర్స్ మాన్యువల్ తీసి, రూఫ్ మీద ఎంత బరువు పెట్టవచ్చో చూడండి. మారుతి జిమ్నీకి అది 30 కిలోలు. అందులో సామానూ ఉంది, ర్యాక్ కూడా ఉంది. వెల్డింగ్ షాపులో ఇనుప బాక్స్ పైపుతో, చుట్టూ రెయిలింగ్‌తో, కింద జాలీతో చేసే మామూలు క్యారియర్ ఒక్కటే 30 కిలోలు దాటిపోతుంది. ఖాళీ క్యారియర్‌తోనే పరిమితి అయిపోతే సామాను ఎక్కడ పెడతారు?

ఇంకో లెక్క ఉంది. 30 కిలోలన్నది మంచి రోడ్డు మీది మాట. గుంతల్లో బండి ఎగిరి పడేటప్పుడు పైనున్న ప్రతి కిలో రెండు మూడు కిలోలంత దెబ్బ కొడుతుంది. అందుకే ర్యాక్ తయారీదారులు చాలామంది ఆఫ్‌రోడ్‌లో మూడింట రెండు వంతులే వాడుకోమంటారు. అంటే 20 కిలోలు. కింద ఇచ్చిన డిజైన్ బరువు సుమారు 11.5 కిలోలు. కాబట్టి మంచి రోడ్డు మీద 18.5 కిలోలు, అడవి దారిలో 8.5 కిలోలు మిగులుతాయి. గుడారం, స్లీపింగ్ బ్యాగులు, మడత కుర్చీలు పెట్టుకోవచ్చు. 20 లీటర్ల నీళ్ల క్యాన్ పైకి ఎక్కకూడదు. రూఫ్‌టాప్ టెంట్ అయితే దాదాపు 50 కిలోలు ఉంటుంది కాబట్టి ఈ బండికి దాని ఆలోచనే వద్దు.

పైకప్పు రెండు అంచుల్లో వాననీటి గాడి, అంటే గటర్, ఉన్న ఇనుప బాడీ బళ్లకే ఈ పద్ధతి పనికొస్తుంది. సాఫ్ట్ టాప్ బండికి, ఫైబర్ టాప్ వేయించిన జీపుకి పనికిరాదు. మీ బండి మాన్యువల్‌లో ఎక్కువ బరువు రాసి ఉంటే కొలతలు మార్చుకోవచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

కావలసినవి

ఇక్కడ లెక్క 1500 × 1100 మి.మీ. ర్యాక్‌కి. మీ కొలత వేరుగా వస్తే ఆ ప్రకారం సరిచేసుకోండి.

- 40×20 మి.మీ., 2 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం బాక్స్ సెక్షన్, 6063-టీ6 గ్రేడ్ (6063 మిశ్రమం పేరు, టీ6 అంటే వేడితో గట్టిపరిచిన రకం): 12 అడుగుల లెంగ్త్‌లు 3. ఒకదాంట్లో 1500 మి.మీ. పక్క పట్టీలు రెండూ వస్తాయి. మిగతా రెండిటిలో 1060 మి.మీ. అడ్డ పట్టీలు మూడేసి వస్తాయి.
- 40×40×5 అల్యూమినియం యాంగిల్: 35 మి.మీ. ముక్కలు 12
- 50×50×5 అల్యూమినియం యాంగిల్: 100 మి.మీ. ముక్కలు 6
- 4 మి.మీ. ఇనుప రేకు నుంచి లేజర్ కటింగ్ చేసి, వంచి, జింక్ ప్లేటింగ్ వేయించిన కాళ్లు 6, క్లాంప్ ప్లేట్లు 6
- ఎం6×40 (6 మి.మీ. వ్యాసం, 40 మి.మీ. పొడవు) స్టెయిన్‌లెస్ బోల్టులు 48, వాటికి నైలాక్ నట్లు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉన్నవి), ప్లెయిన్ వాషర్లు
- ఎం8×45 బోల్టులు 12, కాళ్లకీ క్లాంపులకీ ఎం8×25, ఎం8×40 బోల్టులు
- బుష్‌లు (బోల్టు చుట్టూ తొడిగే గొట్టం ముక్కలు): ఎం6కి బయటి వ్యాసం 10 మి.మీ.వి 48, ఎం8కి 12 మి.మీ.వి 12. అన్నీ కచ్చితంగా 18 మి.మీ. పొడవు
- 3 మి.మీ. ఈపీడీఎం (ఎండావానలకి తట్టుకునే) రబ్బరు పట్టీ, సెక్షన్ చివర్లకు ప్లాస్టిక్ మూతలు
- 1.5 మి.మీ. అల్యూమినియం రేకు, 1060×180 (గాలి మళ్లింపుకి)
- స్టెప్ డ్రిల్, సెంటర్ పంచ్, ఆకురాయి, టార్క్ రెంచ్ (ఎంత బిగుతుగా తిప్పామో చూపే పానా), యాంటీ సీజ్ పేస్ట్ (మరలు పట్టేయకుండా రాసేది)

సెక్షన్ కొనేటప్పుడు గ్రేడ్ అడిగి బిల్లు మీద రాయించుకోండి. కిటికీలకి అమ్మే సెక్షన్ చాలావరకు 6063లోనే ఉంటుంది, కానీ టీ5 లేదా అంతకంటే మెత్తది. మందం కూడా 1.2 మి.మీ. మాత్రమే. కొట్లోనే వెర్నియర్‌తో కొలవండి. హైదరాబాద్‌లో అయితే బోల్టులూ హార్డ్‌వేర్ రాణిగంజ్‌లో, లేజర్ కటింగ్ బాలానగర్, జీడిమెట్ల వైపు దొరుకుతాయి. విజయవాడలో ఆటోనగర్ ఉండనే ఉంది. బుష్‌లు ఏ లేత్ షాపులోనైనా గంట పని.

అల్యూమినియమే ఎందుకంటే, 40×20×2 సెక్షన్ మీటరుకి 0.6 కిలో. 25×25×1.6 ఇనుప బాక్స్ పైపు మీటరుకి 1.18 కిలోలు, అంటే దాదాపు రెట్టింపు. మీ బండికి రూఫ్ పరిమితి 75 కిలోలో, 100 కిలోలో ఉంటే ఇనుముకే వెళ్లండి. చవక, ఏ ఊళ్లోనైనా వెల్డ్ చేస్తారు, వంగితే మళ్లీ సరిచేయవచ్చు.

చేసే విధానం

1. గటర్ కొలవండి, మూడు చోట్ల

కాళ్లు డోర్ స్తంభాల దగ్గరే పడాలి, ఎందుకంటే గటర్ అక్కడే గట్టిగా ఉంటుంది. ముందు అద్దం వెనక స్తంభం దగ్గర, రెండు డోర్ల మధ్య స్తంభం దగ్గర, వెనక డోర్ తర్వాత స్తంభం దగ్గర, ఇలా పక్కకి మూడేసి కాళ్లు. ఈ మూడు చోట్లా గటర్ మధ్య నుంచి అవతలి గటర్ మధ్యకి దూరం కొలిచి రాసుకోండి. మూడూ ఒకటే వస్తాయని అనుకోవద్దు. చాలా బళ్లలో పైకప్పు ముందుకి సన్నబడుతుంది. ఎక్కడ తక్కువ వచ్చిందో ఆ కొలతలోంచి 100 మి.మీ. తీసేస్తే ఫ్రేమ్ వెడల్పు వస్తుంది. 1200 వస్తే 1100.

తర్వాత రెండు గటర్ల మధ్య దారం బిగుతుగా లాగి పట్టుకుని, పైకప్పు నడుమ దారం కంటే ఎంత ఎత్తుందో చూడండి. ర్యాక్ అడుగు భాగం ఆ ఎత్తైన చోటు కంటే కనీసం 30 మి.మీ. పైన ఉండాలి. ఇంకా తగ్గిస్తే గుంతల్లో పట్టీ రేకుని తాకుతుంది. మరీ పెంచితే గాలి హోరు, కొమ్మల బెడద రెండూ పెరుగుతాయి. మారేడుమిల్లి లాంటి అడవి దారుల్లో ముందుగా కొమ్మ తగిలేది ర్యాక్ ముందు అంచుకే.

2. అట్టతో కాలు చేసి చూడండి

లేజర్ కటింగ్‌కి ఇచ్చేముందు మందపాటి అట్టతో కాలు ఆకారం కత్తిరించి గటర్‌లో పెట్టండి. అన్ని డోర్లూ పూర్తిగా తెరిచి, మూసి చూడండి. గటర్ బయటి వైపు నుంచి పట్టుకునే క్లాంప్ ప్లేటు డోర్ పై అంచుకి తగులుతుందేమో ఇక్కడే తేలిపోతుంది. 5 మి.మీ. ఖాళీ లేకపోతే ప్లేటు కిందికి దిగే భాగాన్ని కురచ చేయండి. వెనక డోర్ పైకి లేచే రకం బండి అయితే దాన్నీ తెరిచి చూడాలి. జిమ్నీకి అది పక్కకి తెరుచుకుంటుంది కాబట్టి ఆ సమస్య లేదు.

కాలి అడుగు గటర్ వెంట 100 మి.మీ. పొడవుండాలి. 30, 40 మి.మీ. పొడవున్న క్లాంపులు బరువంతా ఒకే చోట మోపి గటర్ పెదవిని వంచేస్తాయి. ఒకసారి వంగితే లోపలి సీలెంట్ పగులుతుంది, నీళ్లు దిగుతాయి, తుప్పు మొదలవుతుంది.

కాలు రెండు ముక్కలుగా ఉంటుంది. పై ముక్క 50×50 యాంగిల్. దాని నిలువు వైపు పక్క పట్టీ బయటి ముఖానికి, అడ్డం వైపు బండి బయటికి. కింది ముక్క ఆ అడ్డం భాగానికి ఎం8×25తో బిగుస్తుంది. అక్కడ గుండ్రటి రంధ్రం కాకుండా 9×25 మి.మీ. పొడుగు గాడి చేయించండి, అదీ బండికి అడ్డంగా. ముందు వెనక కొలతల్లో తేడాని ఈ గాడే సర్దుతుంది. గుండ్రటి రంధ్రాలు చేయించుకున్నవాళ్లు బిగించేటప్పుడు కాళ్లని బలవంతంగా లోపలికి లాగుతారు. అలా లాగితే గటర్ ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటుంది.

3. కోత, రంధ్రాలు

పట్టీలన్నీ 40 మి.మీ. వైపు నిలువుగా ఉండేలా అమర్చాలి. చూడ్డానికి బల్లపరుపుగా పడుకోబెడితే బాగుంటుందని చాలామంది తిప్పేస్తారు. అదే సెక్షన్ నిలువుగా ఉంటే వంపుకి మూడు రెట్లు ఎక్కువ నిలబడుతుంది. 1100 మి.మీ. పట్టీ నడుమ 20 కిలోలు వేలాడదీస్తే నిలువుగా ఉన్నది 2 మి.మీ. లోపే దిగుతుంది, పడుకున్నది 5 దాటుతుంది.

అడ్డ పట్టీలు పక్క పట్టీల మధ్యలో కూర్చుంటాయి. వాటి నడుమ దూరం 296 మి.మీ. (మధ్య నుంచి మధ్యకి). ప్రతి చివరా ఒక 40×40 యాంగిల్ ముక్క, దానికి నాలుగు బోల్టులు: రెండు అడ్డ పట్టీకి, రెండు పక్క పట్టీకి. కాళ్ల బోల్టులు ఈ కీళ్లకి కనీసం 40 మి.మీ. దూరంలో పడేలా ముందే గుర్తు పెట్టుకోండి. లేకపోతే లోపల బోల్టుకి బోల్టు అడ్డొస్తుంది.

4. బుష్‌లు

తొందరలో వదిలేసేది ఈ పనే, తర్వాత ర్యాక్ వదులయ్యేది కూడా ఇక్కడే. బోలు సెక్షన్‌కి బోల్టు గుచ్చి బిగిస్తే 2 మి.మీ. గోడలు లోపలికి నొక్కుకుపోతాయి. పానాకి బిగుతుగానే అనిపిస్తుంది. వంద కిలోమీటర్ల గతుకుల తర్వాత గోడ ఇంకాస్త లొంగి, బోల్టు వదులవుతుంది. మళ్లీ బిగిస్తే మళ్లీ లొంగుతుంది.

ముందు రెండు గోడల్లోంచీ 6.5 మి.మీ. రంధ్రం చేయండి. తర్వాత ఒక్క గోడని మాత్రం స్టెప్ డ్రిల్‌తో 10.2కి పెంచండి. ఆ పెద్ద రంధ్రంలోంచి బుష్ లోపలికి వెళ్లి అవతలి గోడ లోపలి ముఖానికి ఆనుతుంది, ఇవతలి చివర బయటి ముఖంతో సమానంగా నిలుస్తుంది. సెక్షన్ 20, ఒక గోడ 2 తీసేస్తే 18. బుష్ పొడవు 18 అన్నది అందుకే. అర మిల్లీమీటరు తక్కువైనా దాని పని అది చేయదు. ఎక్కువైతే యాంగిల్ పట్టీకి ఆనదు, ఆకురాయితో రుద్ది సరిచేయండి. పెద్ద రంధ్రం ఎప్పుడూ యాంగిల్ ముక్క వచ్చే వైపే ఉండాలి: అడ్డ పట్టీల కీళ్లకి పక్క పట్టీ లోపలి ముఖం మీద, కాళ్లకి బయటి ముఖం మీద. కాళ్లకి ఇదే పద్ధతిలో 8.5, 12.2 రంధ్రాలు.

వెల్డింగ్ చేయిస్తే ఇంత గొడవ ఉండదు కదా అంటారు. అల్యూమినియానికి ఆర్గాన్ వెల్డింగ్ కావాలి, చేయి తిరిగిన మనిషి కావాలి. అవి దొరికినా టీ6 బలం వేడితో వచ్చింది, వేడితోనే పోతుంది. వెల్డ్ పక్కనే లోహం బలం దాదాపు సగానికి పడిపోతుంది. కుదుపుల్లో పగుళ్లు వచ్చేది సరిగ్గా అక్కడే. చిన్న పనికి బోల్టులే నయం. దెబ్బతిన్న పట్టీ ఒక్కటే మార్చుకోవచ్చు.

5. నీటి రంధ్రాలు, పెయింట్

ప్రతి పట్టీ అడుగున రెండు చివరలా 4 మి.మీ. రంధ్రం చేయండి. మూతలు వేసినా వాననీరు ఎలాగో లోపలికి చేరుతుంది, బయటికి దారి ఉండాలి. పౌడర్ కోటింగ్ చేయించేటట్లయితే రంధ్రాలన్నీ అయ్యాకే ఇవ్వండి. బోల్టు వాషర్లు కూర్చునే చోట, యాంగిల్ ఆనే చోట టేప్ వేయించండి. మందపాటి కోటింగ్ మీద బిగించిన బోల్టు, ఆ పొర నలిగాక వదులవుతుంది.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో స్టెయిన్‌లెస్ బోల్టు అల్యూమినియాన్ని నేరుగా తాకితే చుట్టూ తెల్లటి పొడి లేస్తుంది. వాషర్ల కింద పలుచటి నైలాన్ వాషరో, జింక్ ప్రైమరో వేయండి.

6. కూర్పు

ఫ్రేమ్‌ని బల్లపరుపు నేల మీద తలకిందులుగా పెట్టి, అన్ని బోల్టులూ చేతితోనే ఎక్కించండి. రెండు మూలల కర్ణాలు కొలవండి. తేడా 2 మి.మీ. దాటితే ఫ్రేమ్ వంకర ఉన్నట్లు. పొడవున్న కర్ణం వైపు మూలని తట్టి సరిచేసి, అప్పుడు బిగించండి. ఎం6కి 8 న్యూటన్ మీటర్లు, ఎం8కి 18.

స్టెయిన్‌లెస్ బోల్టు మీద స్టెయిన్‌లెస్ నైలాక్ నట్‌ని ఇంపాక్ట్ గన్‌తో (మోటారు పానాతో) గిర్రున తిప్పితే మధ్యలో పట్టేసుకుంటుంది. ఇక ముందుకీ వెనక్కీ కదలదు, కోయాల్సిందే. మరల మీద కొద్దిగా యాంటీ సీజ్ రాసి చేతి పానాతో నెమ్మదిగా తిప్పండి. పేస్ట్ రాసినప్పుడు పై టార్క్ విలువలు ఒకటి రెండు తగ్గించుకోండి.

7. బండి ఎక్కించే ముందు బరువు పరీక్ష

ఈ పరీక్ష బండి మీద చేయకండి. కాళ్లు వచ్చే ఆరు చోట్లా సమానంగా ఇటుకలు పేర్చి, పక్క పట్టీలు వాటి మీద ఆనేలా ర్యాక్ పెట్టండి. ఒక పక్క పట్టీ నుంచి అవతలి పట్టీకి, ర్యాక్ నడుమగా దారం బిగుతుగా కట్టి, అడ్డ పట్టీ మధ్యలో దారానికీ పట్టీకీ దూరం కొలవండి. ఇప్పుడు 50 కిలోల సిమెంట్ బస్తా నడుమ పెట్టండి. మీరు పెట్టబోయే 18.5 కిలోలకి ఇది దాదాపు మూడు రెట్లు, అంటే పెద్ద గుంత దెబ్బతో సమానం. పట్టీ 4 మి.మీ. కంటే ఎక్కువ దిగకూడదు. పది నిమిషాల తర్వాత బస్తా తీస్తే మొదటి కొలతే మళ్లీ రావాలి. రాలేదంటే ఏదో ఒక కీలు జారింది, లేదా సెక్షన్ మీరడిగిన గ్రేడ్ కాదు. ముందు బోల్టులు చూడండి.

తర్వాత ర్యాక్‌ని తూకం వేయండి. 11.5 అనుకున్నది 13 వస్తే ఆ తేడా సామానులోంచే తీసేయాలి. ఆ అంకెని ర్యాక్ మీదే మార్కర్‌తో రాసి పెట్టండి.

8. బండికి బిగింపు

గటర్ లోపల మట్టి, ఆకులు లేకుండా కడిగి ఆరబెట్టండి. మట్టి రేణువు మీద రబ్బరు వేసి బిగిస్తే అది పెయింట్‌ని గరుకు కాగితంలా గీస్తుంది. రబ్బరు పట్టీ కాలి కింద, క్లాంప్ ప్లేటు లోపల రెండు చోట్లా ఉండాలి. ర్యాక్ ఎత్తడానికి ఇద్దరు కావాలి. ఆరు కాళ్లూ కూర్చున్నాక గాడి బోల్టులు వదులుగానే ఉంచి, క్లాంపులు కొద్దికొద్దిగా ఎదురెదురు వరసలో బిగించండి. క్లాంప్ బోల్టుకి 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు. అంతకు మించితే గటర్ వంగుతుంది. గాడి బోల్టులు ఆఖరున బిగించండి.

బిగించిన ప్రతి నట్ మీద నుంచి పక్క లోహం మీదికి పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. నట్ కదిలితే గీత విరుగుతుంది. ఇక ప్రతిసారీ పానా అక్కర్లేదు, చూస్తే తెలిసిపోతుంది.

9. గాలి మళ్లింపు

అల్యూమినియం రేకుని ముందు అడ్డ పట్టీకి బిగించి, ముందుకి 35 నుంచి 45 డిగ్రీల వాలులో పెట్టండి. కింది అంచు పైకప్పుకి 10, 15 మి.మీ. పైన ఆగాలి, అంచుకి రబ్బరు బీడింగ్ వేయాలి. మూతలు లేని పైపు చివర వేగంలో పిల్లనగ్రోవిలా మోగుతుంది, కాబట్టి హోరు వస్తే ముందు మూతలు చూడండి. అప్పటికీ ఆగకపోతే ముందు రెండు అడ్డ పట్టీలకి సన్నని తాడుని వదులుగా మెలికలు చుట్టి చూడండి.

10. రోడ్డు మీద పరీక్ష

ప్రతి కాలి అడుగుకి ముందూ వెనకా గటర్ మీద మాస్కింగ్ టేప్ అంటించి, కాలి అంచు దగ్గర పెన్సిల్ గీత పెట్టండి. ఖాళీ ర్యాక్‌తో 40, 60, 80 వేగాల్లో నడిపి శబ్దం వినండి. తర్వాత 20 కిలోమీటర్ల చెడ్డ రోడ్డు మీద తిప్పి గీతలు చూడండి. కాలు ఒక మిల్లీమీటరు కదిలినా రబ్బరు సరిగ్గా కూర్చోలేదని అర్థం. ఇంకా బిగించవద్దు. విప్పి, రబ్బరు సర్ది మళ్లీ బిగించండి. 50 కిలోమీటర్లకి ఒకసారి, 500కి ఒకసారి టార్క్ చూడండి. ఆపై మార్కర్ గీతలు చాలు.

ఎక్కువగా అడిగే సందేహాలు

ముందు ఎల్‌ఈడీ బార్ పెట్టవచ్చా? కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 111వ నియమం అనుమతి లేకుండా ముందు స్పాట్‌లైట్, సెర్చ్‌లైట్ పెట్టడాన్ని నిషేధిస్తుంది. పెట్టి, పబ్లిక్ రోడ్డు మీద ఆర్పి, కవర్ వేసి ఉంచినా, పోలీసు ఆపితే సర్దిచెప్పుకోవాల్సింది మీరే. పైగా బార్, వైరింగ్ కలిపి రెండు మూడు కిలోలు పోతాయి.

ర్యాక్ వల్ల ఆర్టీఓ ఇబ్బంది ఉంటుందా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ని మార్చడాన్ని అడ్డుకుంటుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. ఈ ర్యాక్‌కి బాడీలో ఒక్క రంధ్రం లేదు, అరగంటలో ఊడుతుంది. మీ వైపు బలం అంతవరకే. బాడీకి వెల్డ్ చేసినా, రంధ్రాలు వేసినా ఆ బలమూ ఉండదు. అవసరం లేనప్పుడు విప్పి ఇంట్లో పెట్టండి, మైలేజీ కూడా నిలుస్తుంది.

పెట్రోల్ క్యాన్? వద్దు. 20 లీటర్లు నిండిన ఇనుప క్యాన్ 19 కిలోల దాకా తూగుతుంది. బండి పల్టీ కొడితే ముందు నలిగేది అదే.

రెయిలింగ్? 100 మి.మీ. ఎత్తు రెయిలింగ్ చుట్టూ వేస్తే రెండున్నర, మూడు కిలోలు. దాని బదులు పక్క పట్టీలకి ఎనిమిది ఐ-బోల్టులు (తల వలయంలా ఉండేవి) వేసి, రాచెట్ పట్టీలతో సామాను కట్టండి. అడ్డంగా రెండు పట్టీలు, ముందు నుంచి వెనక్కి ఒకటి. బ్రేక్ కొట్టినప్పుడు సామానుని ఆపేది ఈ మూడోదే, అందరూ మరిచిపోయేదీ ఇదే. బరువైనది రెండు ముందు కాళ్ల మధ్య కాకుండా నడుమ కాళ్ల మీదికి వచ్చేలా పెట్టండి.

వానాకాలానికి ముందు ఒకసారి ర్యాక్ దించండి. గటర్‌లో కాళ్లు కూర్చున్న చోట పెయింట్ గీసుకుందేమో, సీలెంట్ పగిలిందేమో చూడండి. ఇనుము కనిపిస్తే ఆ చోట ప్రైమర్, టచప్ పెయింట్ వేసి ఒక రోజు ఆరనివ్వండి. రబ్బరు గట్టిపడి ఉంటే మార్చండి. తర్వాత గటర్ మీద పైపుతో నీళ్లు పోసి, డోర్ లోపలి అంచు పొడిగా ఉందో లేదో వేలితో తడిమి చూసి, అప్పుడు ర్యాక్ ఎక్కించండి.